టిష్యూ కల్చర్ ఖర్జూరం అని చెప్పి పిలకలు అంటగడుతున్నారు, మొక్క మొదలు చూసి కొనండి

పరకాల, నర్సంపేట వైపు ఖర్జూరం మొక్కలు అమ్ముతామని ఊర్లు తిరుగుతున్నారని విన్నాను. మాకు అమ్మినవాళ్లేనో కాదో తెలియదు. ఎవరైనా సరే, అడ్వాన్స్ ఇచ్చేముందు ఇది చదవండి.

పత్తి వేసే చెలకలో ఒక ఎకరం తీసి, జులైలో బర్హీ రకం 60 మొక్కలు పెట్టాం. ఒక్కోటి 3,200 రూపాయల చొప్పున 1,92,000 అయింది. డ్రిప్, గుంతలు, కూలీ వేరే. అమ్మినాయన రెండు మాటలు గట్టిగా చెప్పాడు. ఒకటి, ఇవి టిష్యూ కల్చర్ మొక్కలు. రెండు, ఇది ఎడారి చెట్టు, దీనికి పురుగూ రాదు, రోగమూ రాదు. రెండూ అబద్ధాలే.

నాలుగో నెలలో మూడు మొక్కల మొవ్వు (నడిమి లేత ఆకు) వాడిపోయింది. ఫోన్ చేస్తే "నీళ్లు ఎక్కువైనయి, డ్రిప్ బంద్ పెట్టండి" అన్నాడు. నమ్మి పది రోజులు బంద్ పెట్టాం. ఆ పది రోజుల్లో వాడిన మొక్కలు ఎనిమిది అయ్యాయి.

మా చిన్నబావ సౌదీలో, అల్ హసా ఖర్జూర తోటల్లో తొమ్మిదేళ్లు పనిచేసి వచ్చాడు. పండక్కి వచ్చినవాడు తోటలోకి అడుగుపెట్టగానే ఆగిపోయాడు. "పులిసిన కల్లు వాసన వస్తుంది, పక్కన ఈతచెట్లు గీస్తున్నారా?" అని అడిగాడు. ఆ వాసన మా మొక్కల నుంచే. వాడిన మొక్క దగ్గర కూర్చుని చెవి పెట్టి విన్నాడు. నన్నూ వినమన్నాడు. లోపల ఏదో కొరుకుతున్న చప్పుడు. నడిమి ఆకు పట్టి లాగితే చేతికి ఊడివచ్చింది. మొదలు గొడ్డలితో చీల్చి చూస్తే అంతా పిప్పి, గోధుమరంగు జిగురు, బొటనవేలంత తెల్లటి కాళ్లు లేని పురుగులు. కొన్ని అప్పటికే పీచుతో గూళ్లు అల్లుకున్నాయి. "ఎర్రముక్కు పురుగు. అక్కడ దీన్ని వెతకడమే మా డ్యూటీ" అన్నాడు. మా ఇంట్లో ఆ రాత్రి ఎవరూ సరిగ్గా తినలేదు.

ఈ పురుగు ఎడారిది కాదు, మన వైపుదే. మన కొబ్బరిలో, ఈతలో ఎప్పటినుంచో ఉంది. 1980ల మధ్యలో గల్ఫ్ దేశాలకు చేరింది. ఒక చోటు నుంచి ఇంకో చోటుకు తరలించే మొక్కల్లోనే దాక్కుని ఈజిప్టు, స్పెయిన్ దాకా పోయింది. మాకు వచ్చింది కూడా అలాగే, డబ్బులిచ్చి మేమే లారీలో తెచ్చుకున్నాం.

అసలు సంగతి మొక్క మొదట్లో ఉంది. టిష్యూ కల్చర్ మొక్క చిన్న కణజాలం నుంచి ల్యాబులో పెరిగి, సంచిలోకి వస్తుంది. వేర్లు చుట్టూ సమానంగా ఉంటాయి, లాటు మొత్తం ఇంచుమించు ఒకే సైజులో ఉంటుంది. పిలక అంటే తల్లిచెట్టు పక్కన పుట్టినదాన్ని ఉలితో కొట్టి విడదీసింది. దాని మొదలుకు ఒకవైపు కోసిన మచ్చ చదునుగా కనిపిస్తుంది. ఆడపురుగు గుడ్లు పెట్టేది సరిగ్గా ఇలాంటి గాయాల్లోనే. మా మొక్కలకు ఆ మచ్చ మీద మట్టి మెత్తి సంచిలో పెట్టారు. ఒక్క సంచి విప్పి కడిగి చూసినా తెలిసేది. పిలక అయినంత మాత్రాన చెడ్డది కాదు, శుభ్రమైన తోట నుంచి, మందులో ముంచి ఇచ్చే పిలకలు కూడా ఉంటాయి. కానీ టిష్యూ కల్చర్ ధర తీసుకుని, పురుగున్న పిలక ఇవ్వడం మోసం. గింజ మొక్కలు కలిపినా నష్టమే, వాటిలో దాదాపు సగం మగవి వస్తాయి, పూత వచ్చేదాకా ఆ సంగతి తెలియదు.

బిల్లు విషయంలో మేం చేసిన తప్పు మీరు చేయకండి. మాకిచ్చిన తెల్లకాగితం మీద "ఖర్జూరం మొక్కలు 60" అని మాత్రమే ఉంది. రకం లేదు, టిష్యూ కల్చర్ అనే మాట లేదు, ల్యాబు పేరు లేదు. అవన్నీ రాసి ఉంటే వినియోగదారుల కమిషన్‌కు పోవడానికి చేతిలో ఒక ఆధారం ఉండేది. నర్సరీకి లైసెన్సు ఉందో లేదో ఉద్యానశాఖ ఆఫీసులో ముందే అడగండి.

ఇంకొకటి. పెంటకుప్పను తోట గట్టునే పోశాం. పచ్చిపెంటలో కొమ్ముపురుగు పెరుగుతుంది, అది మొవ్వులో చేసిన రంధ్రం ఎర్రముక్కు పురుగుకు దారి అవుతుంది. ఇప్పుడు కుప్పను దూరంగా తీసేశాం. ఆకులు కోస్తే గాయానికి బోర్డో పేస్ట్ (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూస్తున్నాం. మొవ్వు వాడినా, మొక్క మొదలు నుంచి జిగురు కారినా అమ్మినవాడికి ఫోన్ చేసి కూర్చోకండి. అదే రోజు ఫోటోలు తీసి, వీలైతే పురుగును సీసాలో వేసుకుని ఉద్యానశాఖ వాళ్లకో, దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రంలోనో చూపించండి.

60 మొక్కల్లో 26 పోయాయి. వాటిని పీకి, చీల్చి, తోట బయట కాల్చాం. పక్కనే ఈతవనం ఉంది. గీసేవాళ్ల దగ్గరికి నేనే వెళ్లి చెప్పాను, మా పురుగు వాళ్ల చెట్లకు పోతే వాళ్ల కూడు పోతుంది. వాళ్లే బకెట్లలో పోయడానికి పులిసిన కల్లు ఇస్తున్నారు. లింగాకర్షక ఎర (వాసనతో పురుగులను రప్పించేది)తో కలిపి రెండు బకెట్లు మొక్కలకు దూరంగా, గట్టు మీద పెట్టాం. పోయిన వారం 11 పురుగులు పడ్డాయి, ఈ వారం 7. బకెట్లు ఖాళీగా ఉండేదాకా ఆ గుంతల్లో కొత్త మొక్క పెట్టను.