యాసంగి వడ్లకు 250 జీఎస్ఎం టార్పాలిన్: రెండు సీజన్లు వాడాక

మాది పెద్దపల్లి జిల్లా. యాసంగి కోతలు, గాలిదుమారాలు మాకు ఒకేసారి వస్తాయి. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు కాబట్టి వడ్లు ఆరబోయక తప్పదు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాకా మాడ్చే ఎండ, సాయంత్రానికి మబ్బు.

మొదట్లో నేను వానకే భయపడేదాన్ని. ముందు వచ్చేది గాలి. మబ్బులోంచి పడే వాన కింది పొడిగాలిలో ఆవిరవుతుంటే ఆ గాలి చల్లబడి, బరువెక్కి, ఒక్కసారిగా నేలకు దిగి నలువైపులా కొడుతుంది. మట్టివాసనతో చల్లగాలి తగిలిందంటే మనకు ఉండేది కొద్ది నిమిషాలే. అంతకుముందు కొన్న పల్చటి టార్పాలిన్ పట్టా ఆ మొదటి గాలికే రింగుల దగ్గర చిరిగిపోయింది. నేను, మా అత్తమ్మ చెరో అంచు మీద కూర్చున్నా ఆగలేదు. కుప్పలో సగం తడిసింది. ఆ రాత్రి ఎవరం అన్నం తినలేదు.

ఇప్పటి పట్టా 24x18 అడుగులది. కొనేముందు తూకం వేయించండి. జీఎస్ఎం అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల బరువో ఆ లెక్క. నిజంగా 250 జీఎస్ఎం అయితే ఆ సైజుకు దాదాపు 10 కిలోలు ఉండాలి. మేం అడిగిన మొదటి షాపులో 250 అని చెప్పింది 6 కిలోలే తూగింది, వదిలేసి వచ్చాం. దీని అంచు మడతలో తాడు ఉంది, రింగులు అల్యూమినియంవి. రెండు సీజన్లలో ఒక్క రింగూ ఊడలేదు. నడుమ అతుకు దగ్గర మాత్రం గట్టివానకు కాస్త చెమ్మ దిగింది, అందుకే ఐదుకు నాలుగు మార్కులు.

ఎంత మంచి పట్టా అయినా ఊరికే కప్పితే నిలవదు. గాలి వేగం 40 నుంచి 60 కిలోమీటర్లకు పెరిగితే దాని తోపుడు రెండింతలు దాటుతుంది. రాళ్లు పెడితే దొర్లిపోతాయి. మేం ఇసుక బస్తాలు అంచు వెంట వరసగా పెట్టి, తాడు కుప్ప మీదుగా అడ్డంగా లాగి కడతాం. ఫోన్‌లో వాతావరణ శాఖ వాళ్ల 'మౌసమ్' యాప్‌లో మూడు గంటల హెచ్చరిక చూస్తాను. ఆరెంజ్ రంగు కనబడితే ఎండ ఉన్నా కుప్ప చేసేస్తాం.

వాన వెలిసి ఎండ రాగానే పట్టా తీసేయండి. లోపల చెమ్మ ఉంటే వడ్లు ఉడికినట్టయి రంగు మారతాయి, మొలకలు కూడా వస్తాయి.