వన్‌లైనర్ మేలా, కేసు ప్రశ్న మేలా?

మెడికల్ కాలేజీలో ఇంటర్నల్స్‌కి ఎంసీక్యూ (ఆప్షన్లలోంచి జవాబు ఎంచుకునే ప్రశ్నల) పేపరు తయారుచేసే పని ఏటా నా మీదే పడుతుంది. కూర్చున్న ప్రతిసారీ ఇదే తర్జనభర్జన.

"కట్లపాము విషం ముఖ్యంగా దేని మీద పనిచేస్తుంది?" అని అడిగి నరాలు, రక్తం, కిడ్నీ, గుండె అని ఇస్తే అది వన్‌లైనర్. రాయడానికి రెండు నిమిషాలు, జవాబుకు పది సెకన్లు. అదే పాఠాన్ని ఇలా అడగొచ్చు: "రాత్రి నేల మీద పడుకున్న 30 ఏళ్ల కూలీ తెల్లవారుజామున కడుపునొప్పితో లేచాడు. కాసేపటికి కనురెప్పలు వాలిపోయాయి, మాట ముద్దగా వస్తోంది. ఒంటి మీద కాటు గుర్తేమీ లేదు. ఏమై ఉంటుంది?" ఆప్షన్లు: కట్లపాము కాటు, బోటులిజం (ఒక రకం ఆహార విషం), పురుగుల మందు, గులియన్ బారీ (ఒక నరాల జబ్బు). జవాబు మొదటిదే.

మొదటిదానికి జవాబు రాస్తే పాఠం చదివాడని తెలుస్తుంది. రెండోది రాస్తే, క్యాజువాల్టీలో ఆ కూలీని గ్యాస్ నొప్పి అని ఇంటికి పంపేయడని కొంత ధైర్యం. నా ఓటు కేసు ప్రశ్నకే. అయితే కేసు వేషం వేసుకున్న వన్‌లైనర్లూ చాలానే ఉంటాయి. ఆరు లైన్ల కథ చెప్పి, చివర్లో జబ్బు పేరూ ఇచ్చేసి "ఈ జబ్బుకు వాడే మందేది?" అంటారు. కథ తీసేసినా జవాబు వస్తుంటే ఆ కథ దండగే. ఇంకో పరీక్ష: ఆప్షన్లు చేత్తో మూసేసి ప్రశ్న చదవాలి. జవాబు ఊహించలేకపోతే తప్పు ప్రశ్నది. నాలుగో ఆప్షన్ తోచక "పైవేవీ కావు" అని పెట్టేకంటే మూడుతో ఆపేయడం నయం.

చిక్కంతా టైముతోనే. ఎంబీబీఎస్ తర్వాత పీజీ సీటు కోసం రాసే నీట్ పీజీలో 200 ప్రశ్నలకు 210 నిమిషాలు, అంటే ప్రశ్నకు 63 సెకన్లు. అమెరికాలో డాక్టర్ లైసెన్సు కోసం రాసే యూఎస్‌ఎంఎల్‌ఈ స్టెప్ 1లో దాదాపు 90. పైగా అక్కడ నెగటివ్ మార్కులు లేవు. 63 సెకన్లలో పొడవాటి కేసులు నింపితే అది వైద్యానికి కాదు, ఇంగ్లిష్ చదివే వేగానికి పరీక్ష. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివొచ్చిన పిల్లలు ముందు అక్కడే నలిగిపోతారు.

2024 నుంచి నీట్ పీజీని 40 ప్రశ్నల చొప్పున ఐదు సెక్షన్లు చేసి, ఒక్కోదానికి 42 నిమిషాలు కట్టేశారు. సగటు అదే 63 సెకన్లు. కానీ టైమయ్యాక పాత సెక్షన్‌లోకి వెళ్లడానికి లేదు, మిగిలిన నిమిషాలు పక్క సెక్షన్‌కు పనికిరావు. పేపరు భద్రతకు ఇది మంచిదే కావచ్చు. పిల్లల వైపు నుంచి చూస్తే మాత్రం పాత పద్ధతే మేలు: కష్టమైనవి ఒకే సెక్షన్‌లో పడితే ఇప్పుడు సర్దుకునే దారి లేదు.



పోయినసారి నేను 30 కేసు ప్రశ్నలకు 30 నిమిషాలే ఇచ్చాను. కట్లపాము ప్రశ్న 28వది. సగం మంది ఖాళీగా వదిలేశారు. పాఠం చెప్పడం నాకే చేతకాలేదేమోనని రెండు రోజులు బాధపడ్డాను. ఈసారి 45 నిమిషాలిచ్చి, దాన్ని మూడో నంబరుకు మార్చాను.