బీకామ్ తర్వాత నల్లగొండలో జీఎన్‌ఎం చేశాను, చేరేముందు ఇది చదవండి

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో ఆరేళ్లు అకౌంట్స్ చూశాను. 29 ఏళ్లకు అది వదిలేసి నల్లగొండలో ఒక ప్రైవేటు నర్సింగ్ స్కూల్లో జీఎన్‌ఎంలో, అంటే జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ డిప్లొమాలో చేరాను, పోయిన ఏడాది పూర్తయింది. నాలాగా డిగ్రీ అయిపోయాక నర్సింగ్ వైపు రావాలనుకునేవాళ్లు చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. స్కూలు పేరు మాత్రం రాయను.

అమెరికాలో ఉన్న మా పెద్దమ్మ కూతురు బీటెక్ చేసింది, అక్కడ వేరే డిగ్రీ ఉన్నవాళ్లకు 12 నుంచి 18 నెలల్లో అయిపోయే నర్సింగ్ కోర్సు చేసి, అక్కడ నర్సు లైసెన్సుకు పెట్టే ఎన్‌క్లెక్స్ పరీక్ష రాసి నర్సయింది. అక్క మాట విని ఇక్కడ కూడా అలాంటిది ఉంటుందని నెల రోజులు హైదరాబాద్, నల్లగొండ తిరిగాను. లేదు. రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ అని ఒకటుంది గానీ అది ఆల్రెడీ జీఎన్‌ఎం చేసి రిజిస్ట్రేషన్ ఉన్న నర్సులకు. నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్‌కు ఇంటర్లో బైపీసీ కావాలి, నాది సీఈసీ. చివరికి మిగిలింది మూడేళ్ల జీఎన్‌ఎం, దానికి ఇంటర్ ఏ గ్రూపైనా సరిపోతుంది. నా బీకామ్‌కు ఒక్క సబ్జెక్టు తగ్గించలేదు, పద్దెనిమిదేళ్ల పిల్లల పక్కన కూర్చుని మొదటి ఎముక దగ్గర్నుంచి మొదలుపెట్టాను.

మొదటి ఆరు నెలలు నరకమే. అనాటమీ పేర్లు నోరు తిరిగేవి కావు, రాత్రి ఒంటిగంట దాకా రికార్డులు రాసేదాన్ని. ఆ టైంలో నన్ను నిలబెట్టింది లెక్కలే. 500 ఎం.ఎల్. సెలైన్ నాలుగు గంటల్లో ఎక్కాలి, సెలైన్ ఎక్కించే గొట్టం సెట్టు ఎం.ఎల్.కు 20 చుక్కలది, నిమిషానికి ఎన్ని చుక్కలు? క్లాసంతా పెన్నులు తీసేలోపు 42 అని చెప్పేశాను. ఆ రోజు నుంచి పిల్లలు డోస్ లెక్కలకు నా దగ్గరికే వచ్చేవాళ్లు, అక్కా అక్కా అంటూ.

ఈ స్కూలుకు నేను మంచి మార్కులు వేసేది వార్డు ట్రైనింగ్‌కే. పెద్దాసుపత్రికి పంపించేవాళ్లు, రద్దీ ఎక్కువ, చేతినిండా పని. మా క్లినికల్ మేడమ్ వార్డు వదిలి వెళ్లేది కాదు. మర్రిగూడ వైపు నుంచి ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ నీళ్ల వల్ల ఎముకలు బిగుసుకుపోయే జబ్బు) ఉన్న పెద్దాయన నిమోనియాతో వచ్చాడు, మెడ తిరగదు, నడుము వంగదు, పక్క మార్చడానికి భుజం పట్టుకోబోతే మేడమ్ నా చెయ్యి ఆపింది. దుప్పటి మడిచి ఆయన కింద పరిచి, అటు ఇద్దరం ఇటు ఇద్దరం పట్టుకుని, మనిషి మొత్తం ఒక్క చెక్కలా కదిలేలా తిప్పించింది. తర్వాత మోకాళ్ల మధ్య దిండు, వీపుకు ఇంకొకటి. "ఇప్పుడు పానం నిమ్మళమైంది బిడ్డా" అన్నాడాయన. మూడేళ్లలో నేను నేర్చుకున్న నర్సింగ్ అంతా ఆ పది నిమిషాల్లో ఉందనిపిస్తుంది నాకు. పత్తి చేలకు మందు కొట్టే రోజుల్లో పురుగుల మందు కేసులు వరుసగా వచ్చేవి. ముందు గ్లౌజులు వేసుకో, బట్టలు తీసి ఒళ్లు సబ్బునీళ్లతో కడుగు, విరుగుడు మందు అట్రోపిన్ వెళ్తున్నంతసేపు ఛాతీలో గురగుర తగ్గిందా లేదా చూస్తూ ఉండు, అని మేడమ్ పక్కన నిలబడి చేయించింది.

ఆఫీసు సంగతి వేరు, వాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే. చేరేటప్పుడు చెప్పిన ఫీజులో యూనిఫాం, రికార్డు పుస్తకాలు, ఆసుపత్రికి వెళ్లే బస్సు ఏవీ లేవు, ఒక్కొక్కటే తర్వాత బయటపడ్డాయి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని, మధ్యలో బ్యాంకు లోనుకు కావాలంటే మూడు వారాలు తిప్పారు. ఇంట్లో నేనొక్కదాన్నే సంపాదించేదాన్ని, జీతం ఆగిపోయింది, ఆ మూడు వారాలు నిద్ర లేదు. ల్యాబులో ప్రాక్టీసు చేసే మనిషి బొమ్మలు సగం విరిగినవే. హాస్టల్ తిండి తినగలిగేలా ఉంటుంది, అంతకుమించి చెప్పడానికి లేదు.

చదువుకు, వార్డుకు ఐదుకు నాలుగున్నర. ఆఫీసుకు ఒకటి.

నాలాంటివాళ్లు బిల్డింగ్ చూసి చేరొద్దు. ఏ ఆసుపత్రికి పంపిస్తారు, వారానికి ఎన్ని రోజులు, టీచర్ వార్డులోకి మీతో వస్తుందా లేక హాజరు వేసి వెళ్లిపోతుందా, ఇవి అక్కడే చదువుతున్న థర్డ్ ఇయర్ పిల్లల్ని గేటు బయట అడగండి, ఆఫీసులో కాదు. నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూసుకోండి, ఫీజు వివరాలు కాగితం మీద రాయించుకోండి. ఒరిజినల్స్ ఇచ్చేముందు రసీదు తీసుకోండి, నేను తీసుకోలేదు.

ఇప్పుడు ఐసీయూలో నైట్ డ్యూటీలు చేస్తున్నాను. మిల్లులో వచ్చినదానికంటే జీతం ప్రస్తుతానికి తక్కువే, వచ్చే ఏడాది పోస్ట్ బేసిక్‌కు అప్లై చేస్తున్నాను.