ఎపిడాక్: పోయిన అక్షరానికీ లెక్క అడుగుతుంది

పాత శాసనాల పాఠాలు కంప్యూటర్‌లో ఎక్కించే పని చేసేవాళ్లు ఎపిడాక్‌ని ఒకసారి వాడి చూడాలి. ఇది సాఫ్ట్‌వేర్ కాదు. శాసన పాఠాన్ని, ఏ భాగం ఏమిటో ట్యాగులతో గుర్తుపెట్టే టీఈఐ ఎక్స్ఎంఎల్‌లో ఎలా రాయాలో చెప్పే పద్ధతి. గైడ్‌లైన్స్, ట్యాగులు సరిగ్గా పెట్టామో లేదో చూసే స్కీమా అన్నీ ఉచితం.

ఇన్నాళ్లూ నేను శాసనాల అచ్చులో వాడే 1931 నాటి లైడెన్ గుర్తులతోనే నెట్టుకొచ్చాను, పోయిన పాఠానికి చదరపు బ్రాకెట్లు, ఎన్ని అక్షరాలు పోయాయో అన్ని చుక్కలు. మనిషి కంటికి అది చాలు. కంప్యూటర్‌కి మాత్రం బ్రాకెట్ ఒట్టి బ్రాకెట్టే, పదం మధ్యలో అది పడితే సెర్చ్‌లో ఆ పదం దొరకదు.

ఎపిడాక్ అలా వదలదు. అక్షరం లేదంటే ఎందుకు లేదో చెప్పమంటుంది. రాయి విరిగిపోతే గ్యాప్ ట్యాగ్‌లో కారణం 'లాస్ట్', రాయి ఉన్నా అరిగిపోయి చదవలేకపోతే 'ఇల్లెజిబుల్'. రెండూ ఖాళీలే, కానీ రెండోదాని మీద ఇంకా ఆశ ఉంది, పక్క నుంచి లైటు వేసి ఫొటో తీస్తే దొరకొచ్చు. ఆ చోట్లన్నీ ఒక్క సెర్చ్‌తో బయటికి తీసి, మళ్లీ చూడాల్సిన రాళ్ల జాబితా రాసుకున్నాను.

రోమన్ల సమాధి రాళ్ల మీద 'డిస్ మానిబుస్' (చనిపోయినవారి ఆత్మలకు) అనే మాటలకి డి, ఎం అని రెండే అక్షరాలు చెక్కేవారు. రాయి మూల విరిగి ఎం ఒక్కటే మిగిలిందనుకోండి. డి ఒకప్పుడు రాతి మీద ఉంది, పోయింది, మనం పూరించాం, కాబట్టి దానికి 'సప్లైడ్' ట్యాగ్. దాని తర్వాతి 'ఇస్' రాతి మీద ఎప్పుడూ లేదు, చదివేవాళ్ల కోసం మనం విడమరిచింది, కాబట్టి 'ఎక్స్'. ఈ తేడా తెలియకుండా పాఠం అచ్చువేస్తే మన ఊహ కూడా శాసనమే అయి కూర్చుంటుంది. పూరించినదాని మీద నమ్మకం తక్కువైతే ఆ ట్యాగ్‌లో 'సర్ట్' దగ్గర 'లో' (low, తక్కువ) అని పెట్టే వీలుంది, దాన్ని మొహమాటపడకుండా వాడండి.

ఇబ్బంది పెట్టేది ఒక ట్యాగ్ ఇంకో ట్యాగ్ లోపల పూర్తిగా ఇమడాలనే ఎక్స్ఎంఎల్ పట్టు. పదాలకి కూడా ట్యాగులు పెడుతుంటే, పోయిన భాగం ఒక పదం మధ్యలో మొదలై ఇంకో పదం మధ్యలో ఆగినప్పుడు ఒకే సప్లైడ్‌లో పట్టదు. ముక్కలు చేసి పెట్టాలి. లైడెన్‌లో అయితే ఒక్క బ్రాకెట్ల జతతో పోయేది. ఒక పొడుగు శాసనంతో కుస్తీ పట్టి మూడు సాయంత్రాలు పోగొట్టుకున్నాను.

కొత్తవాళ్లు గైడ్‌లైన్స్ మొత్తం చదివి టెన్షన్ పడొద్దు. గ్యాప్, సప్లైడ్, అన్‌క్లియర్ (సరిగ్గా కనిపించని అక్షరానికి), ఎక్స్, ఈ నాలుగింటితో ఒక చిన్న విరిగిన శాసనం ఎక్కించి చూడండి, పదాల ట్యాగులు తర్వాత చూసుకోవచ్చు.