సీఆర్‌బీఏ: హైదరాబాద్‌లో పుట్టిన అమెరికా పౌరుడికి వంద డాలర్ల కాగితం అవసరమా?

హైదరాబాద్‌లో పుట్టినంత మాత్రాన ఆ బిడ్డకు అమెరికా అధ్యక్ష పదవి దారి మూసుకుపోదు. పుట్టిన రోజునాటికే అమ్మానాన్నల్లో ఒకరు అమెరికా పౌరులై ఉండి, చట్టం అడిగినంత కాలం అక్కడ గడిపి ఉంటే చాలు, బిడ్డ పుట్టుకతోనే అమెరికా పౌరుడు. ఈ సంగతిని కాగితం మీద పెట్టే సేవే కాన్సులర్ రిపోర్ట్ ఆఫ్ బర్త్ అబ్రాడ్, పొట్టిగా సీఆర్‌బీఏ. చేతికొచ్చే పత్రం పేరు ఎఫ్‌ఎస్-240. ఫీజు 100 డాలర్లు. పదహారేళ్లలోపు పిల్లల పాస్‌పోర్టుకు ఇంకో 135. రెండూ నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌లో ఒకే రోజు, ఒకే కిటికీ దగ్గర అడగవచ్చు.

పాస్‌పోర్టు ఒక్కటి తీసుకుంటే సరిపోదా అన్నది అందరికీ వచ్చే అనుమానం. ప్రయాణానికైతే సరిపోతుంది. కానీ పాస్‌పోర్టులో పుట్టిన దేశం ఉంటుందే తప్ప, పౌరసత్వం ఎలా వచ్చిందో ఉండదు. పుట్టుకతో పౌరుడైన పిల్లాడికీ, గ్రీన్‌కార్డు మీద వెళ్లి పదేళ్ల వయసులో పౌరుడైన పిల్లాడికీ పాస్‌పోర్టు ఒకేలా కనిపిస్తుంది. ఎఫ్‌ఎస్-240 మాత్రం ఈ బిడ్డ పుట్టుకతోనే పౌరుడని నేరుగా చెబుతుంది. మా దృష్టిలో ఆ వంద డాలర్లు ఆ ఒక్క వాక్యానికే.

ఆ వాక్యానికి విలువెందుకంటే, అమెరికా రాజ్యాంగం రెండో అధికరణం అధ్యక్షుడికి మూడు షరతులు పెట్టింది. 35 ఏళ్లు నిండాలి, 14 ఏళ్లు అమెరికాలో నివాసం ఉండాలి, ‘నేచురల్ బోర్న్ సిటిజన్’ (సహజ జన్మ పౌరుడు) అయి ఉండాలి. మూడోదానికి అర్థమేమిటో రాజ్యాంగంలో రాయలేదు, అధ్యక్ష అర్హత విషయంలో సుప్రీంకోర్టు నేరుగా తేల్చనూ లేదు. అమెరికా గడ్డ మీద పుట్టిన కమలా హారిస్, నిక్కీ హేలీ లాంటివారి విషయంలో అక్కడ పుట్టినవారు పౌరులేనన్న 14వ సవరణ, 1898 నాటి వాంగ్ కిమ్ ఆర్క్ తీర్పు గట్టి పునాది. బయట పుట్టినవారికి ఆధారం 1790 నాటి చట్టం నుంచి నడుస్తున్న వాదన: తల్లిదండ్రుల ద్వారా పుట్టుకతో పౌరసత్వం వచ్చినవారూ నేచురల్ బోర్న్ కిందికే వస్తారని. అధ్యక్ష పదవికి పోటీపడిన, పనామా కాలువ ప్రాంతంలో పుట్టిన జాన్ మెకెయిన్‌కు అర్హత ఉందని 2008లో సెనెట్ తీర్మానం చేసింది. అలాగే పోటీకి దిగిన, కెనడాలోని కాల్గరీలో పుట్టిన టెడ్ క్రూజ్‌కు అర్హత ఉందని 2016లో పెన్సిల్వేనియా కోర్టు చెప్పింది. ఎక్కువమంది రాజ్యాంగ నిపుణులదీ ఇదే మాట.

ఇక అసలు చిక్కు రోజుల లెక్క. అమ్మానాన్నలిద్దరూ అమెరికా పౌరులైతే, బిడ్డ పుట్టకముందు ఇద్దరిలో ఒకరు అక్కడ నివాసం ఉన్నట్టు చూపితే చాలు, ఇన్నేళ్లని లేదు. పెళ్లైన దంపతుల్లో ఒకరే పౌరులైతే, ఆ ఒకరు బిడ్డ పుట్టేలోపు మొత్తం ఐదేళ్లు అమెరికాలో ఉండి తీరాలి. అందులో కనీసం రెండేళ్లు వాళ్లకు పద్నాలుగేళ్లు నిండాక గడిపినవై ఉండాలి. అంటే మనిషి స్వయంగా అక్కడ ఉన్న రోజులే లెక్క. ఇల్లు అక్కడే ఉన్నా, సంక్రాంతికి వచ్చి ఇంటి దగ్గర గడిపిన నెల రోజులూ తీసేయాల్సిందే.

మన వాళ్లకు అనుకూలమైన సంగతీ ఒకటుంది. ఆ ఐదేళ్లూ పౌరుడిగానే గడపనక్కర్లేదు. ఎఫ్-1 మీద ఎమ్మెస్ చదివిన రోజులు, హెచ్-1బీ రోజులు, గ్రీన్‌కార్డు రోజులు అన్నీ కలుస్తాయి. 22 ఏళ్లకు వెళ్లి, మరో పదిహేనేళ్ల తర్వాత పౌరసత్వం తీసుకుని తిరిగొచ్చినవారికి ఈ లెక్క ఇబ్బందే కాదు.

దెబ్బ తినేది అక్కడ పుట్టి ఇక్కడ పెరిగినవారు. డాలస్‌లో పుట్టి మూడేళ్ల రెండు నెలలకు అమ్మానాన్నలతో హైదరాబాద్ వచ్చేసిన అమ్మాయిని తీసుకోండి. ఇంజినీరింగ్ ఇక్కడే చదివింది. ఎమ్మెస్‌కు వెళ్లి ఏడాది పది నెలలుండి తిరిగొచ్చి, భారత పౌరుడిని పెళ్లి చేసుకుంది. కూడితే సరిగ్గా ఐదేళ్లు. కానీ పద్నాలుగు నిండాక ఉన్నది ఏడాది పది నెలలే, రెండేళ్లకు రెండు నెలలు తక్కువ. తను పుట్టుకతో అమెరికా పౌరురాలే, అయినా బిడ్డకు పౌరసత్వం అందదు. ఈ విషయంలో అధికారికి మినహాయింపు ఇచ్చే వీలు లేదు. కడుపుతో ఉన్నప్పుడే ఈ లెక్క వేసుకోవాలి, కాన్పయ్యాక దిద్దుకునే దారి లేదు.

ప్రమాణం చేసిన తేదీ కూడా అంతే కచ్చితం. తండ్రి పౌరసత్వ ప్రమాణం చేశాక వారానికి పుట్టిన బిడ్డకు సీఆర్‌బీఏ వస్తుంది, వారం ముందు పుట్టిన బిడ్డకు రాదు. ఆ బిడ్డ గ్రీన్‌కార్డు మీద వెళ్లి, 18 నిండకముందు పౌరుడైన తల్లి లేదా తండ్రి సంరక్షణలో అక్కడ నివసిస్తే దానంతటదే పౌరసత్వం వస్తుంది. అది పుట్టుకతో వచ్చింది కాదు కనుక అధ్యక్ష పదవికి పనికిరాదు.

దరఖాస్తు ఆన్‌లైన్‌లో అమెరికా విదేశాంగ శాఖ వారి మైట్రావెల్‌గవ్ ఖాతాలో నింపి, పత్రాలు అప్‌లోడ్ చేసి, ఫీజు కట్టి అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. కాగితం మీదైతే డీఎస్-2029 ఫారం. బిడ్డను తప్పకుండా వెంట తీసుకెళ్లాలి. పాస్‌పోర్టు ఫారం డీఎస్-11 మీద ఇంట్లో సంతకం పెట్టకండి, అది అధికారి ఎదురుగా పెట్టాల్సింది. తల్లిదండ్రుల్లో ఒకరు రాలేకపోతే వారి అంగీకారం డీఎస్-3053 మీద నోటరీతో ఉండాలి. ఫొటో రెండంగుళాల చదరం, తెల్లటి నేపథ్యం.

పని ఆగిపోయేది ఎక్కువగా పేర్ల దగ్గర. జీహెచ్‌ఎంసీ జనన ధ్రువపత్రంలో తండ్రి పేరు ‘కె. శ్రీనివాస్’ అని, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటే ప్రశ్నలు మొదలవుతాయి. ఆసుపత్రిలో వివరాలు రాసిచ్చేటప్పుడే పాస్‌పోర్టు ఎదురుగా పెట్టుకుని అక్షరం అక్షరం చూసి రాయించండి. బిడ్డ పేరు లేకుండా వచ్చిన పత్రమైతే ముందు పేరు చేర్పించుకోవాలి.

రోజుల రుజువుకు డబ్ల్యూ-2 (అక్కడి ఏడాది జీతం పత్రం) ఒక్కటే చాలదు. అది జీతం వచ్చిందని చెబుతుంది గానీ, మనిషి అక్కడే ఉన్నాడని కాదు. యూనివర్సిటీ ట్రాన్స్‌క్రిప్టులు, అద్దె ఒప్పందాలు, అన్నిటికన్నా ముఖ్యంగా స్టాంపులున్న పాస్‌పోర్టులు కావాలి. పౌరసత్వం మారాక రద్దయి తిరిగొచ్చిన పాత భారతీయ పాస్‌పోర్టులోనే ఎఫ్-1, హెచ్-1బీ రోజుల ముద్రలుంటాయి. దాన్ని పారేసినవారు తర్వాత తలపట్టుకుంటారు.

మేమిచ్చే మార్కులు ఐదుకు నాలుగు. ఒకటి తగ్గించడానికి కారణం, రోజులు చాలవని తేలితే ఫీజు వెనక్కి రాదు. ఈ సేవ 18 ఏళ్లు నిండేలోపే, ఆ తర్వాత అడగడానికి లేదు. అప్పుడు పౌరసత్వ ధ్రువపత్రం కోసం మిగిలే ఎన్-600 దరఖాస్తు దారిలో ఫీజే వెయ్యి డాలర్ల పైమాట. ఎఫ్‌ఎస్-240కి గడువు తేదీ లేదు. పోతే డీఎస్-5542 ఫారం నోటరీ చేయించి 50 డాలర్లతో అమెరికాకు పంపి మరో ప్రతి తెప్పించుకోవాలి. అందుకని లామినేషన్ చేయించకుండా, పాస్‌పోర్టుతో కలపకుండా విడిగా భద్రపరచండి.