బరంపురంలో ఎర్రర్ నాణేల దుకాణం: ఏది కొనాలి, ఏది వదలాలి

ఎర్రర్ నాణేలంటే టంకశాలలో తయారీ పొరపాటుతో బయటికొచ్చినవి. ఈ దుకాణంలో తెలుగులో బేరం చెయ్యొచ్చు. పదింతలు చూపే భూతద్దం, 0.01 గ్రాము తూచే కాటా గల్లా మీదే పెట్టారు, అది మెచ్చుకోవాలి. సరుకే కలగాపులగం.

పది రూపాయల బిళ్లలు జాగ్రత్త! నడిమి బిళ్ల, చుట్టూ రింగు ఒకే దెబ్బకు అచ్చవుతాయి. ఒకే ముఖం మీద సింహాలు ఒకవైపు, రింగు మీద అక్షరాలు మరోవైపు తిరిగి ఉంటే, నడిమిది ఊడగొట్టి మళ్లీ దిగ్గొట్టిందే. అతుకు చుట్టూ గీతలు కనిపిస్తాయి. రెండో ముఖంతో పోలిస్తే ముఖం మొత్తం తిరిగి ఉంటేనే బేరమాడండి, తూకం 7.71 గ్రాములకు దగ్గరుండాలి.

అంచు తెగిన రూపాయలు మేలు. కోతకు సరిగ్గా ఎదురుగా గట్టు పలచబడిందా చూడండి, అలా ఉంటే అసలుదే కావొచ్చు. ఆకురాయి గీతలుంటే వద్దు. నాణెం పెట్టి పిన్ను కొట్టిన కవరు విప్పనివ్వకపోతే డబ్బు తీయకండి.