లీవులో ఉంటే బాస్ మెసేజ్‌లకు వాట్సాప్ బిజినెస్ 'అవే మెసేజ్': ఎంతవరకు ఆదుకుంటుంది?

కర్నూలులో బట్టల షోరూం కౌంటర్ చూసేవాళ్లయినా, కడప పల్లెల్లో ఫైనాన్స్ కలెక్షన్‌కు తిరిగేవాళ్లయినా, అనంతపురంలో ఇంట్లోనే కూర్చుని బెంగళూరు కంపెనీకి పనిచేసేవాళ్లయినా, ఏడాదికోసారి పెట్టుకున్న లీవులో పడే బాధ ఒకటే. ఒంటిమిట్ట కల్యాణానికని పిల్లాజెల్లాతో బస్సెక్కి కూర్చుంటారు. "ఆ బిల్లు బుక్కు ఎక్కడ పెట్టినావ్?" అని మెసేజ్ వస్తుంది. పలకకపోతే రెండు నిమిషాలకు కాల్. ఎత్తితే లీవు పోయినట్టే, ఎత్తకపోతే తిరిగి వెళ్లాక మాటలు పడాలి. ఈ ఇరకాటంలో పైసా ఖర్చు లేకుండా దొరికేది వాట్సాప్ బిజినెస్ యాప్‌లోని 'అవే మెసేజ్'. దుకాణదారులు మూసిన వేళల్లో కస్టమర్లకు దానంతట అదే జవాబు పోవడానికి పెట్టిన సదుపాయం ఇది. లీవులో ఉన్న ఉద్యోగికీ సగం పని చేసిపెడుతుంది. మిగతా సగం, లీవుకు ముందురోజు చేత్తో రాసే ఒక కాగితం చేయాలి. మేమిచ్చే మార్కులు 5కు 3.

ముందు నంబరు సంగతి. ఒకే నంబరు మామూలు వాట్సాప్‌లోనూ బిజినెస్‌లోనూ ఒకేసారి నడవదు. ఉన్న నంబరును బిజినెస్‌కు మారిస్తే చాట్లు వెంట వస్తాయి గానీ, మళ్లీ మామూలు దానికి వెనక్కి వెళ్లాలంటే ఆ చాట్ల మీద ఆశ పెట్టుకోకూడదు. పైగా మీ ప్రొఫైల్లో 'బిజినెస్ అకౌంట్' అని కనిపిస్తుంది, చుట్టాలు "ఏం వ్యాపారం మొదలుపెట్టినావ్ అబ్బాయ్?" అని అడుగుతారు. అందుకే రెండో సిమ్ తీసుకుని, దాని మీద బిజినెస్ యాప్ వేసుకుని, ఆఫీసు మెసేజ్‌లకు ఆ నంబరే ఇవ్వడం మేలు. ఈ పని లీవుకు కనీసం నెల ముందే చేయాలి. రేపు లీవనగా ఈరోజు కొత్త నంబరు ఇస్తే ఎవరూ దానికి పంపరు, అలవాటైన పాత నంబరుకే వస్తారు.

పెట్టే విధానం కష్టం కాదు. యాప్‌లో బిజినెస్ టూల్స్‌లోకి వెళ్లి 'అవే మెసేజ్' తెరిచి ఆన్ చేయాలి. తర్వాత చూడాల్సినవి మూడు: మెసేజ్, షెడ్యూల్ (ఎప్పుడు పోవాలి), రెసిపియెంట్స్ (ఎవరికి పోవాలి). పక్కనే 'గ్రీటింగ్ మెసేజ్' అని ఇంకోటి ఉంటుంది. అది కొత్తగా పలకరించినవాళ్లకు పోయే స్వాగతం, లీవుకు దాన్ని ముట్టుకోవద్దు. షెడ్యూల్‌లో 'ఆల్వేస్ సెండ్' పెడితే తిరిగి డ్యూటీలో చేరాక కూడా "లీవులో ఉన్నాను" అని పోతూనే ఉంటుంది. బాస్ చేతికి దానంతట అదే దొరికే సాకు అది. 'కస్టమ్ షెడ్యూల్' ఎంచుకుని, మొదలు లీవు మొదటి రోజు ఉదయం, చివర డ్యూటీకి ముందురోజు రాత్రి అని తేదీ, టైము రెండూ వేయండి.

ఎక్కువ తప్పులు జరిగేది రెసిపియెంట్స్ దగ్గర. 'ఎవ్రీవన్' అని వదిలేస్తే ఊర్లో మేనత్తకూ, పాలు పోసే అన్నకూ ఆఫీసు భాషలో జవాబు పోతుంది. 'ఓన్లీ సెండ్ టు' ఎంచుకుని బాస్, బాస్ పైనున్న సారు, అకౌంట్స్ వాళ్లు, మీతో కలిసి పనిచేసే ఒకరిద్దరు, వీళ్ల పేర్లు మాత్రమే టిక్ పెట్టండి.

ఇక మెసేజ్. చాలామంది "లీవులో ఉన్నాను, తర్వాత మాట్లాడతాను" అని రాస్తారు. అది చదివిన బాస్‌కు తన పని ఎలా అవుతుందో తెలియదు, అందుకే వెంటనే కాల్ చేస్తాడు. తలుపు వేసేటప్పుడు పక్క దారి చూపించాలి. ఇలా రాస్తే పని జరుగుతుంది:

"సార్, నమస్తే. 12 నుంచి 19 వరకు లీవులో ఉన్నాను, మీరు 2వ తేదీన మెయిల్లో ఓకే చేశారు. స్టాకు రిజిస్టరు, బిల్లు బుక్కు రెండో కౌంటర్ అన్న దగ్గర ఉన్నాయి. గల్లా తాళం క్యాషియర్ అక్కకు ఇచ్చాను. 20న ఉదయం డ్యూటీకి వస్తాను."

ఇందులో బతిమాలడం లేదు, కోపమూ లేదు. లీవు ఓకే అయిన తేదీ ఉంది. ఆ తేదీయే దీనికి ప్రాణం. రేపు ఎవరైనా "చెప్పకుండా వెళ్లిపోయినాడు" అన్నా, బాస్ ఫోన్లోనే ఆ ముక్క ఉంటుంది. నోటిమాటగా "సరే పో" అన్న లీవుకు ఈ బలం ఉండదు. అప్పుడు బయల్దేరే ముందే "సార్, మీరు చెప్పినట్టు 12 నుంచి 19 లీవు తీసుకుంటున్నాను" అని ఒక మెసేజ్ పెట్టి, నీలం టిక్కులు పడ్డాక స్క్రీన్‌షాట్ తీసుకోవాలి.

ఇప్పుడు ఈ సాధనం చేతులెత్తేసే చోట్లు. మీ ఫోన్‌కు నెట్ ఉంటేనే అవే మెసేజ్ పోతుంది. అహోబిలం, శ్రీశైలం దారిలో నల్లమల ఘాట్ ఎక్కి సిగ్నల్ పోతే జవాబూ పోదు. కాబట్టి అడవి దారి పట్టే ముందు ఒక మెసేజ్ మీరే స్వయంగా పెట్టి కదలండి. రెండో లోటు గ్రూపులు. గ్రూపులో అడిగిన ప్రశ్నకు అవే మెసేజ్ పలకదు, మర్యాద తెలియని బాస్ నిలదీసేది సరిగ్గా అక్కడే, పదిమంది ముందు. గ్రూపును మ్యూట్ చేసి ఆర్కైవ్‌లో పడేసినా, మీ పేరు ట్యాగ్ చేస్తే నోటిఫికేషన్ వస్తుంది. అక్కడ వాదన పెట్టుకోవద్దు. పై మెసేజ్‌నే ఒక్కసారి కాపీ చేసి గ్రూపులో వేసి ఊరుకోండి. నీలం టిక్కులు ఆపేసినా గ్రూపులో ఎవరు చదివారో కనిపిస్తుందని గుర్తుంచుకోండి.

మూడోది కాల్స్. చాట్ మ్యూట్ చేస్తే కాల్ ఆగదు. అందుకు ఫోన్లోని 'డు నాట్ డిస్టర్బ్' వాడాలి, ఇక్కడే ఒక గుంట ఉంది. ఆండ్రాయిడ్‌లో 'రిపీట్ కాలర్స్' అని ఉంటుంది: ఒకే మనిషి 15 నిమిషాల్లో రెండోసారి చేస్తే ఏదో ఆపద అనుకుని ఫోన్ మోగనిస్తుంది. ఐఫోన్లో అదే 3 నిమిషాలు. వెంటవెంటనే ఐదుసార్లు కొట్టే బాస్‌కు ఇది రాచబాట. ఆ ఒక్కటి ఆఫ్ చేసి, అమ్మానాన్న, భార్య లేదా భర్త, పిల్లల బడి నంబర్లను స్టార్ కాంటాక్ట్స్‌లో పెట్టి వాళ్లకే అనుమతి ఇవ్వండి. ఎప్పుడో పని సులువవుతుందని బాస్ నంబరుకు స్టార్ కొట్టి ఉంటే అది తీసేయండి. రోజుకు ఒకసారి, సాయంత్రం ఆరుకో ఏడుకో పది నిమిషాలు మెసేజ్‌లు చూసుకుంటే నిజంగా ముంచుకొచ్చిన పని ఏదైనా ఉంటే తెలుస్తుంది. బ్లాక్ చేయడం మాత్రం వద్దు. బ్లాక్ చేసిన కాలంలో పంపిన మెసేజ్‌లు తర్వాత కూడా రావు, అంటే అతను ఏం రాశాడో మీ దగ్గర సాక్ష్యం ఉండదు.

స్టేటస్ గురించి ఒక్క మాట. గండికోట అంచున నిలబడి తీసుకున్న ఫోటో స్టేటస్ పెట్టడం మీ హక్కే. కానీ జ్వరమని సిక్ లీవు పెట్టి ఆ ఫోటో పెడితే అడిగే నోరు బాస్‌దవుతుంది. అన్యువల్ లీవును అన్యువల్ లీవుగానే పెట్టుకోండి. స్టేటస్ ప్రైవసీలో 'మై కాంటాక్ట్స్ ఎక్సెప్ట్' కింద ఆఫీసువాళ్ల పేర్లు చేర్చుకుంటే చాలు.

ఏ యాప్ కాపాడలేనిది ఇంకొకటి ఉంది. మైక్రోఫైనాన్స్, చిట్‌ఫండ్, మెడికల్ ఏజెన్సీ వంటి చోట్ల లీవులో వచ్చే అతి ప్రమాదకరమైన మెసేజ్ "ఓటీపీ వచ్చింది చూడు, చెప్పు". మీ లాగిన్‌తో వేరొకరు లోపలికి వెళ్లి రసీదు వేస్తే, సిస్టమ్‌లో పడేది మీ పేరే. నెలాఖరు ఆడిట్‌లో నగదుకూ రసీదుకూ తేడా వస్తే సంజాయిషీ మీరే రాయాలి. ఆరోజు మీరు మంత్రాలయంలో ఉన్నారన్నది లెక్కలోకి రాదు. "సార్, నా లాగిన్ లీవు అయ్యేదాకా ఆపించండి, ఈ సెంటర్లకు వేరే స్టాఫ్‌ను మ్యాప్ చేయించండి" అని లీవుకు రెండు మూడు రోజుల ముందే మెయిల్ పెట్టాలి. అయినా ఓటీపీ అడిగితే ఆ మెయిల్‌నే మళ్లీ ఫార్వర్డ్ చేయండి.

మొదట చెప్పిన కాగితం ఇక్కడ పనికొస్తుంది. తెల్ల కాగితం మీద తేదీ, గల్లాలో నగదు ఎంత, రసీదు పుస్తకంలో చివరిగా చింపిన నంబరు, తాళం చెవులు ఎన్ని, సగంలో ఉన్న ఆర్డర్లు, ఎవరికి ఎంత బాకీ, ఇవన్నీ రాసి, ఇచ్చినవాళ్లు, పుచ్చుకున్నవాళ్లు సంతకాలు పెట్టాలి. దాన్ని ఫోటో తీసి బాస్‌కు పంపండి. "ఎక్కడ పెట్టినావ్?" అనే ప్రశ్నకు జవాబు ముందే అతని ఫోన్లో ఉంటుంది.

మెయిల్ మీద నడిచే ఉద్యోగాలకు, వచ్చిన మెయిల్‌కు దానంతట అదే జవాబిచ్చే జీమెయిల్ 'వెకేషన్ రెస్పాండర్' అవే మెసేజ్ కంటే నమ్మకమైనది. ఫోన్ ఆపేసినా పనిచేస్తుంది. మొదటి రోజు అర్ధరాత్రి 12కు మొదలై చివరి రోజు రాత్రి 11:59కి తనే ఆగిపోతుంది. ఒకే మనిషి పదే పదే రాసినా విసిగించదు, నాలుగు రోజులు గడిచాక మళ్లీ రాస్తేనే ఇంకోసారి జవాబిస్తుంది.

హద్దు మీరి తిట్లు, బెదిరింపుల దాకా పోతే ఆ రోజే స్క్రీన్‌షాట్ తీయాలి. 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్'కు పంపినవాళ్లకు రెండు రోజులకు పైగా గడువుంటుంది, మీరు తిరిగొచ్చేసరికి మెసేజ్ మాయమవుతుంది. పేరు కాకుండా నంబరు, తేదీ, టైము కనిపించేలా తీయండి. చాట్ తెరిచి మూడు చుక్కల్లో 'ఎక్స్‌పోర్ట్ చాట్' కొట్టి మీ సొంత మెయిల్‌కు ఒక కాపీ పంపుకుంటే ఇంకా మంచిది.

చట్టం విషయానికొస్తే, లీవులో ఉన్నవాళ్లకు ఫోన్ చేయకూడదనే చట్టం మన దేశంలో లేదు. లీవు మాత్రం హక్కే. ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం, 1988 ప్రకారం 12 నెలల్లో 240 రోజులు పనిచేసినవాళ్లకు తర్వాతి ఏడాది జీతంతో 15 రోజుల సెలవు ఉంటుంది. వాడుకోనివి 60 రోజుల వరకు పోగవుతాయి. ఇవి కాక సిక్ లీవు 12, క్యాజువల్ లీవు 12. ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో కార్మికులకు లెక్క వేరు, 20 రోజుల పనికి ఒక రోజు చొప్పున వస్తుంది. బెంగళూరు కంపెనీవాళ్లు నియామక పత్రంతో ఇచ్చిన లీవు పాలసీ చూసుకోవాలి.

లీవు మధ్యలో పిలిపించి పని చేయిస్తే, డ్యూటీలో చేరిన మొదటి రోజే "ఫలానా తేదీన ఇన్ని గంటలు పని చేశాను, ఆ రోజును నా లీవు ఖాతాలో తిరిగి వేయండి" అని మెయిల్ పెట్టండి, కింద ఆరోజు మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు జోడించండి. వారం ఆగితే అడగడానికి మొహమాటం వస్తుంది, వాళ్లూ మరిచిపోయామంటారు. జవాబు రాకపోయినా, జీతం కోసినా, ఆ మెయిలు, లీవు ఓకే అయిన కాగితం, జీతం స్లిప్పు జిరాక్సులు పెట్టుకుని మీ ప్రాంతపు సహాయ కార్మిక అధికారికి అర్జీ ఇవ్వవచ్చు. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ తీసుకుంటారు. అర్జీ నంబరున్న రసీదు చేతికి వచ్చేదాకా కౌంటర్ వదలకండి.